అర్జీలో ఆరు ముక్కలు

అర్జీ అన్నాక ఆరు ముక్కలుండాలి. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, చేసే పని, ఎవరి మీద ఏం కోరుతున్నామన్నది. ఇందులో ఒక్కటి తగ్గినా ఆఫీసులో గుమాస్తా కాగితం మొహాన కొడతాడు. గిద్దలూరు తహసీల్దారు ఆఫీసు గోడ పక్కన, జెరాక్సు దుకాణం పంచన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఇరవై రెండేళ్లుగా నేను చదివిన చదువు ఇదే. పింఛన్లు, పట్టాదారు పుస్తకాలు, గట్టు తగాదాలు, కోడలు కూడు పెట్టడం లేదని అత్తలు, అత్త బతకనివ్వడం లేదని కోడళ్లు, అందరి గోడూ నా పెన్నులోంచే లోపలికి పోవాలి. నాగవేణి రాసిన అర్జీ వెనక్కి రాదని నాకు పేరు. నోరెక్కువని కూడా పేరు. రెండూ నిజమే. ఆ రెండింటి వల్లే నా తమ్ముడి బతుకు బజారున పడింది. ఎట్లా పడిందో దాచకుండా చెబుతాను, విన్నాక నన్ను తిట్టుకుంటారో ఏం చేసుకుంటారో మీ ఇష్టం.

తమ్ముడి పేరు రంగనాయకులు. నలభై ఒకటి నిండాయి. మా నాయన వీరయ్యకు గొర్ల మంద ఉండేది గానీ వీడికి గొర్ల వెంట నడవడం కన్నా స్టీరింగు మీద ప్రాణం. లారీ క్లీనరుగా పోయి డ్రైవరై తిరిగొచ్చాడు. పదకొండేళ్లుగా ఒక ఇంగ్లీషు మీడియం బడికి ఏడో నంబరు బస్సు నడుపుతున్నాడు. రాచర్ల వైపు పల్లెల్లో నలభై మంది పిల్లల్ని పొద్దున తెచ్చి సాయంత్రం దింపడం వాడి పని. చిన్న క్లాసు పిల్లలు బస్సెక్కనని మారాం చేస్తే దిగి, చంకనేసుకుని, హారను కొట్టనిచ్చి ఎక్కిస్తాడు. రంగ మామ అంటే ఆ పల్లెల్లో తల్లులకు ఒక ధైర్యం. ఆ బస్సు వచ్చాకే వాడి పెళ్లాం మల్లి మిరపకోతలకు కూలికి పోవడం మానింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఉద్యోగం వల్లే.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా చిన్నాయన మనవడికి పుట్టెంట్రుకలు తీశారు. పొట్టేళ్లు కోశారు, సీసాలు దించారు. మా వాళ్లలో బావలు గ్లాసు పట్టుకుని వెంటబడితే కాదనడం పెద్ద మర్యాద తక్కువ. మల్లికి జ్వరమని వీడొక్కడే పోయాడు. మోటారు సైకిలు మీద తిరిగొస్తుంటే, సాయంత్రం నాలుగున్నరకు గిద్దలూరు మొదట్లో పోలీసులు ఆపి ఊదమన్నారు. మిషను డెబ్బై ఎనిమిది చూపించింది. ముప్పై దాటకూడదట.

నాకు ఫోను వచ్చింది. "అక్కా, కోప్పడగాకు," అన్నాడు. వాడు ఆ మాటతో మొదలుపెట్టాడంటే ఏదో కొంప మునిగిందని అర్థం. "పోలీసోళ్లు పట్టుకున్నారు. ఆధారు జెరాక్సు, లైసెన్సు జెరాక్సు తీసుకోని స్టేషన్ కాడికి రా."

"తాగినావా?"

"తాగినా."

"ఎంత?"

"మూడు గ్లాసులు. బావోళ్లు పట్టుకోని పోసినారక్కా."

"వాళ్లు పోస్తే నోరు తెరిచింది ఎవరురా, నువ్వా, మీ బావా?" అని ఫోన్లోనే దులిపేశాను. తిడుతూనే చెప్పులేసుకున్నాను.

స్టేషన్ అరుగు మీద పదకొండు మంది మొగాళ్లు తలలు దించుకుని వరసగా కూర్చున్నారు. నాలుగోవాడు మావాడు. ఉగాదికి నేను పెట్టిన ఊదారంగు గళ్ల చొక్కా తొడుక్కున్నాడు. ఆ చొక్కాలో వాణ్ని అక్కడ చూసి నాకు తల కొట్టేసినట్టయింది. లోపల కేసులు రాసే రైటరు నాకు తెలిసినవాడే. నేను రాసిన అర్జీలు వారానికి నాలుగైనా ఆయన టేబుల్ మీదకు పోతాయి. వాడి చేత నోటీసు మీద సంతకం పెట్టించుకుని, జామీనుగా నా సంతకం తీసుకుని, బండి ఉంచుకుని పంపించాడు.

"సార్, ఇది బడికి చెప్తారా?" అని అడిగాను. నా భయమంతా అదే.

"మేమెందుకు చెప్తామమ్మా? సొంత బండి మీద పోతా దొరికినాడు, బస్సు మీద కాదు గదా. మంగళారం కోర్టుకొచ్చి జరిమానా కట్టుకుంటే ఐపోతది. ఛానెలోళ్లు వీడియో తీసుకున్నార్లే. మొహాలు మూసి ఏసుకోమని ఎస్సై గారు చెప్పినారు."

నాకు సగం బరువు దిగింది. బయటికొచ్చి టీ బంకు దగ్గర వాడికి టీ ఇప్పించాను. గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"అక్కా, రేప్పొద్దున బస్సు తీసేలోగా మేడంకి నేనే చెప్తా."

"ఏమని?"

"ఇట్ల తాగి దొరికినా అని. రేపొక్క పూట బస్సు ఎక్కను, ఇంగో డ్రైవర్ని పంపమని."

"మతి గానీ పోయిందారా నీకు?"

"తలకాయ దిమ్ముగా ఉందక్కా. రేపటికి దిగుతుందో లేదో. నలభై మంది పిల్లకాయలు."

"తెల్లారేసరికి అదే దిగుతాది. నిమ్మకాయ నీళ్లు తాగి పండుకో. నువ్వు నోరు తెరిచినావంటే నీ కడుపు నువ్వే కొట్టుకుంటావు. ఎవరికి తెలుస్తాది? రైటరు చెప్పలా? మాట్లాడగాకు."

అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేనే. చిన్నప్పటి నుంచీ నా మాట దాటలేదు. "సరే అక్కా" అన్నాడు. సోమవారం పొద్దున ఆరింటికి బస్సెక్కాడు. ఆ పిల్లల సంగతి నాకు తట్టనే లేదు. నా కళ్ల ముందు వాడి ఉద్యోగం ఒక్కటే ఉంది.

సోమవారం ఆఫీసులో అర్జీల రోజు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా తల ఎత్తే తీరిక లేదు. జనం పలచబడ్డాక సద్దిమూట విప్పుకుని ఫోను తెరిస్తే, చుట్టాల గ్రూపులో ఎవరో ఒక వీడియో పడేసి ఉన్నారు. 'ఫటాఫట్ పడమర' అని మా ఊళ్లో పవన్ అనే కుర్రాడు నడిపే ఛానెలు. రీఛార్జి దుకాణం వాడిది, పక్కనే మైకు పట్టుకుని వార్తలు చెబుతాడు. 'మందుబాబుల ఆట కట్టు' అని పేరు పెట్టాడు. పదకొండు మంది వరసగా నిలబడి ఉన్నారు, మొహాల మీద మసక. మావాణ్ని నేను గుర్తుపట్టాను. చొక్కా వల్ల, ఆ పైన ఎడమ కాలి మీద బరువేసి నిలబడటం వల్ల. మా నాయన మంద దగ్గర అట్లాగే నిలబడేవాడు. నాకు తప్ప ఇంకెవరికీ తెలిసే వీల్లేదు. గ్రూపులో ఒక్కరు కూడా పోల్చుకోలేదు.

అక్కడ ఫోను మూసి అన్నం తిని ఉంటే ఈ కథ లేదు.

వీడియోలో పవన్ గొంతు "సమాజానికి పట్టిన చీడపురుగులు" అంది. కింద జనం రాతలు చదివాను. నడిరోడ్డు మీద బట్టలూడదీసి కొట్టాలని ఒకడు. వీళ్లను కన్న తల్లిదండ్రులను అనాలని ఇంకొకడు. ఆ రెండో మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. మా నాయన జన్మలో ఒకరిని పల్లెత్తు మాట అనలేదు, ఒకరి చేత అనిపించుకోలేదు. ఆ మనిషిని ఎవడో బేవార్సుగాడు ఫోన్లో అంటాడా? ముద్ద పళ్లెంలో వదిలేసి చేయి కడుక్కున్నాను.

నాకు తెలిసిన రాత ఒకటే. ఫోన్లో అక్షరాలు కొట్టడం రాదు, నేను చెప్పాలి, ఫోను రాసుకోవాలి. ఆ వీడియో కిందే మైకు బొమ్మ నొక్కి అర్జీ చెప్పాను.

"ఫటాఫట్ పడమర ఛానెల్ వారి దివ్య సముఖమునకు. మేకలదిన్నె గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు వీరయ్య గారి కుమారుడు రంగనాయకులు, వయసు నలభై ఒకటి, స్కూలు బస్సు ఏడో నంబరు డ్రైవరు, తరఫున మనవి చేయునది ఏమనగా, మీ వీడియోలో ఎడమ నుండి నాలుగవ వ్యక్తి, ఊదారంగు గళ్ల చొక్కా, ఇతడే. సదరు రంగనాయకులు పదకొండు సంవత్సరముల నుండి ఒక్క పిల్లవానికి గోరంత దెబ్బ తగలకుండా బస్సు నడుపుచున్నాడు. మద్యం ముట్టి ఎరుగడు. శుభకార్యములో మజ్జిగ తాగినందుకు మిషను తప్పు చూపినది. కావున ఇతనిని చీడపురుగు అన్న మాట వెనక్కు తీసుకొనవలెనని ప్రార్థన."

మజ్జిగ అబద్ధమని నాకు తెలుసు. అర్జీ అన్నాక కొంచెం ఉప్పూ కారం వేయకపోతే ఎవరూ చదవరు, అదీ నాకు తెలుసు. చదువుకుంటే ముచ్చటేసింది, పంపేశాను. ఆరు ముక్కలూ పడ్డాయి. బడి పేరు రాయనందుకు నన్ను నేను తెలివైనదాన్ననుకున్నాను కూడా. ఏడో నంబరు బస్సు ఏ బడిదో రాచర్ల వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇంకో సంగతి చెప్పాలి. నా ఫోన్లో ఖాతా తెరిచిచ్చింది సెల్లు దుకాణం కుర్రాడు. నా పేరు అడక్కుండా 'రెడ్ రోజ్' అని పెట్టి ఒక గులాబీ బొమ్మ తగిలించాడు. నేనూ మార్చలేదు. అంటే తమ్ముడి పేరు, నాయన పేరు, వయసు, ఊరు, పని అన్నీ లోకానికి పరిచి, నేను గులాబీ వెనక కూర్చున్నాను.

అంతటితో ఆగానా? చుట్టాల గ్రూపులో పెట్టాను. "ఇది నేనే రాసినా. మన రంగడిని తిడతా ఉన్నారు. అందరూ పోయి కింద రాయండి" అని. మా వాళ్ల గురించి మీకు తెలియదు. ఒకరి మీద మాట పడితే కర్రలు తీసుకుని లారీ ఎక్కే రకం. అరగంటలో నలభై మంది ఎగబడ్డారు. మా మామ బంగారం అని ఒకడు. ఏడో నంబరు బస్సు పిల్లలనడగండిరా అని ఇంకొకడు. మా పెద్దమ్మ మనవడైతే దసరాకు బస్సుకు పూలదండేసి పక్కన నిలబడి రంగడు తీయించుకున్న ఫోటోనే పెట్టేశాడు. మొహం నిండుగా, నవ్వుతూ ఉన్నాడు. పోలీసులు మూసిన మొహాన్ని మేము మా చేతుల్తో తెరిచాం.

సాయంత్రం ఐదున్నరకు మల్లి ఫోను చేసింది. ఏడుపులో మాట తెలియడం లేదు.

"వదినా, నువ్వు రాసింది బడి తల్లిదండ్రుల గ్రూపులోకి పోయింది. బస్సు బయల్దేరే టయానికి మనుషులు బండ్లేసుకోనొచ్చి పిల్లకాయల్ని దింపుకోని పోయినారంట. ఒకాయన ఈయన చొక్కా పట్టుకున్నాడంట వదినా, పిల్లకాయలందరూ చూస్తా ఉండంగా."

"వాడేడీ?"

"వచ్చినాడు. మూలన కూసోనున్నాడు. ఎవరు రాసినారో ఆయనకు తెలీదు. ఆయన ఫోన్లో ఇయ్యన్నీ రావు గదా. నేను గూడా చెప్పలా." ముక్కు చీదుకుంది. "చెప్తే నువ్వు గూడా లేకుండా పోతావు ఆయనకి."

జెరాక్సు దుకాణం అబ్బాయి చేత నా రాత తీసేయించాను. వాడు తీసేసి, "తీసినా అత్తా, కానీ ఫోటోలు తీసి పంపుకున్నారు, అయ్యి పోవు" అన్నాడు.

మంగళవారం కోర్టుకు ఇద్దరం పోయాం. ముప్పై మంది దాకా ఉన్నారు. పేరు పిలిచారు, తాగావా అన్నారు, "తాగినానయ్యా" అన్నాడు, మొదటిసారి కాబట్టి జరిమానా వేశారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. పక్కవాడు మావాడి వైపు తల తిప్పి కూడా చూడలేదు. బయటికి రాగానే మాత్రం బండ్ల స్టాండు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఫోను చూసి, వాణ్ని చూసి, మళ్లీ ఫోను చూసుకున్నారు. వాడు కండువా తీసి తలకు చుట్టుకున్నాడు.

వాణ్ని ఇంటికి పంపి నేను బడికి పోయాను, చేతిలో కొత్తగా రాసిన అర్జీతో. హెడ్‌మిస్ట్రెస్ రాధాకుమారి మేడం నెమ్మదస్తురాలు, గొంతు పెంచదు. అట్లాంటివాళ్లతో నాకు కష్టం, పోట్లాటకు సందు ఇవ్వరు. అర్జీ తీసుకుని, చదవకుండా పక్కన పెట్టింది.

"ఇప్పటికే ఒకటి చదివానమ్మా," అని ఫోను తిప్పి నాకు చూపించింది. గులాబీ బొమ్మ, కింద నా రాత. "ఎవరో రెడ్ రోజ్ అట. వీడియోలో మీ తమ్ముడి మొహం లేదు, పేరు లేదు. అన్నీ ఇందులోనే ఉన్నాయి. తల్లిదండ్రులకు దేనికి కోపం వచ్చిందో తెలుసా? మజ్జిగ అన్నందుకు. తాగాడంటే కొందరైనా ఊరుకునేవాళ్లు. అబద్ధమాడి తప్పించుకుంటున్నాడని అనుకున్నారు."

నేనే అని చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. ఊరందరి తరఫున మాట్లాడే నోరు నా తరఫున పడిపోయింది.

"మేడం, ఆదివారం, సొంత బండి. బస్సు మీద కాదు గదా," అన్నాను చివరికి.

"ఆదివారం సాయంత్రం డెబ్బై ఎనిమిది. సోమవారం పొద్దున ఆరింటికి ఎంత ఉందో మీకు తెలుసా? నాకు తెలుసా? నలభై మంది ఎక్కారు ఆ బస్సు." ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పొద్దున్నే వచ్చి మేడం ఇట్లా జరిగింది, ఈ పూట ఎక్కను అని ఆయన నోటితో ఒక్క మాట చెప్పి ఉంటే, నెలరోజులు గేటు దగ్గర పెట్టుకుని మళ్లీ ఎక్కించేదాన్ని. పదకొండేళ్ల మనిషిని నేనెందుకు వదులుకుంటాను? ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కావడం లేదమ్మా. ఆ మనిషి దాచే రకం కాదు."

నాకు అర్థమైంది. శనివారం బడి కమిటీ కూర్చుని తేలుస్తుందని చెప్పి పంపించింది.

బుధవారం పవన్ దుకాణం మీదకు పోయాను. వాడు నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు. గోడకు ఆనించిన ఫోన్లో కొత్త వీడియో ఆడుతోంది. 'మందుబాబు చేతిలో మన పిల్లలు' అని ఎర్రక్షరాలు, దసరా ఫోటో, పక్కన నా అర్జీ. మొదటిదాన్ని రెండు వేల మంది చూశారట, దీన్ని అరవై వేల మంది.

"నీకు అక్కచెల్లెళ్లు లేరారా?" అని అడ్డంగా అరిచాను. "ఒక మనిషి బతుకు నీకు ఫటాఫటా?"

"అరవగాకక్కా. నేను మొహాలు మూసినా. ఎస్సై సారు మూయమన్నాడు, మూసినా. పేరు పెట్టింది నేనా? ఊరు పెట్టింది నేనా? మీ చుట్టాలే వచ్చి నా వీడియో కింద ఫోటో పెట్టిపోయినారు. పెట్టినాక అది వార్త గాక ఏమైతాది?"

వాణ్ని చెంప మీద ఒకటి ఇద్దామని చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకున్నాను. వాడి మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు.

"తీసెయ్ నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాను. ఈ ఇరవై రెండేళ్లలో ఎమ్మార్వోతో కూడా ఆ మాట అనలేదు.

వాడు బిత్తరపోయాడు. "తీస్తాలేక్కా, ఎంత మాట. కానీ దర్శి ఛానెలోళ్లొకరు, మార్కాపురంవోళ్లిద్దరు దీన్ని దించుకోని ఏసుకున్నారు. అయ్యి నా చేతిలో లేవు," అని నా ముందే తీసేశాడు. పోయేటప్పుడు మొహమాటంగా అడిగాడు, "మీరే ఒక రెండు నిమిషాలు మాట్లాడతారా అక్కా? డ్రైవర్ అక్క ఆవేదన అని పెడతా. మీ వైపు గూడా జనానికి తెలుస్తాది." మైకు ఉన్న చోట నేను మాట్లాడకుండా తిరిగొచ్చింది అదే మొదలు.

శనివారం కమిటీ వాళ్లు అరగంట కూర్చున్నారు. రంగడిని తీసేశారు. మేడం ఒక్కతే తీసేయొద్దందట, తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. ఆ పూటే మల్లి వాడికి పని కోసం రెండు చోట్ల వాకబు చేసింది. ఒక సిమెంటు దుకాణం వాళ్లు బండికి మనిషి కావాలని పిలిచి, పేరు అడిగి, ఫోన్లో కొట్టి చూసి, కబురు చేస్తామన్నారు. ఆదివారం మల్లి మిరపకోతకు పోయింది.

సోమవారం పది గంటలకు అర్జీల జనం మధ్యలోంచి రంగడు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. తలకు కండువా ఉంది. వారంలో మనిషి సగమయ్యాడు. చుట్టాల్లో అందరికీ తెలుసు, వాడికి తప్ప. ఎవరూ చెప్పలేదు, అక్కాతమ్ముళ్ల మధ్య చిచ్చెందుకని.

"అక్కా, ఒక అర్జీ రాయి."

"ఎవరి మీద?"

"అదే తెలీదు. నా పేరు పెట్టినోళ్లెవరో కనుక్కోమని. ఇక్కడ ఇస్తే పైకి పంపుతారంట గదా." బల్ల అంచు పట్టుకున్నాడు. "నన్నేమన్నా అనుకోనీ అక్కా, తాగినా, అనిపించుకుంటా. నాయన పేరెందుకు రాసినారు? బతికున్నన్నాళ్లూ మంద కాడే పండుకున్న మనిషి. ఆయన పేరు అరవై వేల మంది చదివినారు, తాగుబోతు కొడుకు అని. ఎవరికేం ద్రోహం చేసినానని? నా మీద ఎవరికుంది అంత కక్ష?"

తెల్ల కాగితం తీశాను. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే కదిలింది. అర్జీదారు పేరు, రంగనాయకులు. తండ్రి పేరు, వీరయ్య. వయసు, నలభై ఒకటి. ఊరు, మేకలదిన్నె. చేసే పని దగ్గర పెన్ను ఆగింది.

"ఏం రాయమంటావు?"

"ఏముంది ఇప్పుడు? ఇడిచిపెట్టు."

ఇడిచిపెట్టాను. నా చేతి మీదుగా పోయిన అర్జీల్లో ఆ గడి ఖాళీగా పోవడం ఇదే మొదలు. తరవాత ఎవరి మీద అన్న చోట పెన్ను పెట్టాను. జెరాక్సు మిషను చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. రాశాను. రాసినదాన్ని అర్జీదారుకు చదివి వినిపించడం నా పద్ధతి. చదవకుండా సంతకం పెట్టించను. చదివాను.

"ఎవరి మీద అనగా, నాగవేణి. తండ్రి పేరు, వీరయ్య. వయసు, నలభై తొమ్మిది. ఊరు, గిద్దలూరు. చేసే పని, అర్జీలు రాయడం."

వాడు మొదట నేనేదో పొరపాటు చదివాననుకున్నట్టు చూశాడు. మళ్లీ చదవమనలేదు. వెనక నిలబడ్డ ముసలాయన "కానీయమ్మా, ఎండ ముదురుతాంది" అన్నాడు.

"నేనేరా," అన్నాను. "నిన్ను తిడతా ఉంటే కడుపు మండింది. నీ మంచికే అనుకున్నా. ఆ గులాబీ బొమ్మ నాదే."

వాడు అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకు సుఖంగా ఉండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. వాడు కాగితం మీద వేలు పెట్టి, నా పేరు కింద ఖాళీ జాగా చూపించాడు.

"నేను మేడంకి చెప్తానంటే నువ్వు మాట్లాడగాకన్నావు. అది గూడా రాయి."

నా కళ్లు కాగితం మీద ఆనలేదు. అయినా రాశాను. "ఆదివారం సాయంత్రం అర్జీదారు తన తప్పు తానే చెప్పుకుంటానని, సోమవారం బస్సు ఎక్కనని అనగా, సదరు నాగవేణి వలదని వారించినది." చదివి వినిపించాను. తల ఊపాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వాడికి చూపించాల్సి వచ్చింది, కళ్లు తుడుచుకుంటూ నేను వేసిన గీత వంకరపోయింది.

సంతకం పెట్టి కాగితం మడిచాడు. తలకు చుట్టిన కండువా విప్పి భుజాన వేసుకుని ఆఫీసు లోపలికి బయల్దేరాడు. నేనూ లేచాను. పెన్ను, బల్ల, జనం అన్నీ వదిలేసి వెంట పోయాను. వాడు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"రావాలనుకుంటే రా. కానీ ఈ తూరి నేను చెప్తా. నువ్వు నోరు తెరవగాకక్కా."

లైన్లో వాడి వెనక నిలబడ్డాను. ముందు పదిహేను మంది ఉన్నారు. ఇంకాసేపట్లో వాడి వంతు వస్తుంది, ఆఫీసరు కాగితం విప్పి, ఎవరీ నాగవేణి అని అడుగుతాడు.